కొలిమి ఇంటి పిలగాడు సైన్స్ సారు ఎట్లయిండు?

పొలం కాడ స్టార్టర్ బటన్ ఒత్తితె బోరు మోటరు తిరుగుతది. ఊరి బయట గద్దె మీద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటది. మండలంల వైండింగ్ దుకాణం పిలగాడు కాలిన మోటరు ఇప్పి, నల్లబడ్డ రాగి తీగ పీకేసి, చుట్లు లెక్కబెట్టుకుంట కొత్త తీగ చుడ్తడు. ఈ మూడింటి వెనుక ఒక్క మనిషి చేసిన ప్రయోగాలు ఉన్నయి. ఆయన పేరు మైకేల్ ఫారడే. పదో తరగతి పుస్తకంల విద్యుదయస్కాంతత్వం పాఠంల ఆయన పేరు మీద ఒక నియమం ఉంటది. మనల చానామంది దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టినోళ్లమే.

నేను సదివిన బడిల సైన్స్ సామాన్ల బీరువా ఒకటి ఉండె. దానికి అద్దాల తలుపు, తలుపుకు తాళం. లోపల అయస్కాంతాలు, గాజు గొట్టాలు, తీగ చుట్టలు కనబడుతుండె. నేను ఆ బడిల ఉన్నన్ని రోజులు ఆ తాళం తీసింది చూడలే. సార్లను తిట్టుడు నా ఉద్దేశం గాదు. ఒక్క సారే మూడు నాలుగు క్లాసులు చూసుకునే బడులు, సిలబస్ అయిపోవాలె అనే తొందర, వెనుకకెళ్లి పరీక్షలు... వాళ్ల తిప్పలు వాళ్లకున్నయి. గాని ఆ తాళం పడ్డది బీరువా ఒక్కదానికే గాదు. ఫిజిక్స్ మనసొంటోళ్లది గాదు, లెక్కలు మస్తు వచ్చినోళ్లది, ఇంగ్లీష్ మీడియమోళ్లది అనే ఒక ఆలోచన గూడ మా తలకాయలల్ల తాళం లెక్క పడ్డది.

ఈ ఆలోచన ఎంత తప్పో తెలువాలంటె ఫారడే బతుకు చదవాలె. ఆయన కనిపెట్టినయి అందరు చెప్తరు. ఆయన పాఠం ఎట్ల చెప్పిండో చెప్పేటోళ్లు తక్కువ. నాకు మాత్రం ఆయన కనిపెట్టినయి ఎంత గొప్పయో, చెప్పిన తీరు గూడ అంతే గొప్పది అనిపిస్తది.

ఆకలి ఇంట్ల పుట్టిండు

1791 సెప్టెంబర్ 22న లండన్ శివారుల, న్యూయింగ్టన్ బట్స్ అనే కాడ ఫారడే పుట్టిండు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి పని చేస్తుండె గాని పానం బాగుండకపోతుండె, పని సక్కగ నడవకపోతుండె. నలుగురు పిల్లలల్ల ఫారడే మూడోటోడు. 1801ల గింజల ధరలు మండిపోయినప్పుడు, ఒక రొట్టె ఇచ్చి వారమంత దాంతోనే ఎల్లదీసుకోమన్నరట. ఇంత కరువుల బడి సదువు ఎంత అబ్బుతది? సదువుడు, రాసుడు, చిన్న చిన్న లెక్కలు. అంతే.

1804ల, 13 ఏండ్లు నిండేటప్పుడు, జార్జ్ రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంల పనికి కుదిరిండు. మొదలు ఇంటింటికి పేపర్లు ఏసుడు. ఏడాదికి అదే దుకాణంల పుస్తకాలు కుట్టే పనికి ఏడేండ్ల ఒప్పందం. పిలగాడు నమ్మకస్తుడు అని రీబో పని నేర్పినందుకు పైసలు గూడ తీసుకోలే. పగలు పుస్తకాలకు అట్టలు ఏసుడు, పని అయినంక అవే పుస్తకాలు సదువుడు. అట్ల చేతికి వచ్చిన ఒక ఎన్సైక్లోపీడియాల కరెంటు మీద వ్యాసం సదివిండు. జేన్ మార్సెట్ అనే ఆమె, టీచరమ్మ ఇద్దరు ఆడపిల్లలతోటి మాట్లాడుతున్నట్టు రాసిన కెమిస్ట్రీ పుస్తకం సదివిండు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. ఆయన సదివింది సదివినట్టు నమ్మలే. తన దగ్గరున్న చిల్లర పైసలతోటి కొనగలిగిన సామాన్లు తెచ్చి, పుస్తకంల చెప్పినట్టు అయితదా కాదా అని చేసి చూసుకున్నడు. సీసాలు తెచ్చి రాపిడితోటి కరెంటు పుట్టించే చిన్న యంత్రం తయారు చేసుకున్నడు. పుస్తకం నిజమే చెప్తున్నదని చేతితోటి తేలినంకనే దాని మీద గురి కుదిరింది.

1810ల జాన్ టేటమ్ అనే ఆయన తన ఇంట్ల సైన్స్ మీద ఉపన్యాసాలు ఇస్తుండె. ఒక్కో దానికి ఒక షిల్లింగ్. ఆ పైసలు ఫారడే దగ్గర లెవ్వు. వాళ్ల అన్న రాబర్ట్, తండ్రి లెక్కనే కొలిమి పని చేసేటోడు, ఆ షిల్లింగులు ఇచ్చిండు. ఉపన్యాసంల చూపెట్టిన యంత్రాల బొమ్మలు సక్కగ గీసుకోవాలని, రీబో ఇంట్ల కిరాయికుండే ఒక ఫ్రెంచ్ చిత్రకారుని దగ్గర బొమ్మలు గీసుడు గూడ నేర్చుకున్నడు.

ఒక టికెట్టు, ఒక నోట్సు

1812ల ఆ దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే పెద్దమనిషి ఫారడేకు టికెట్లు ఇప్పిచ్చిండు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ల హంఫ్రీ డేవీ చెప్పే చివరి నాలుగు ఉపన్యాసాలకు. డేవీ అప్పటికే పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. ఆయన ఉపన్యాసం అంటె లండన్ల పెద్దింటోళ్లు ఎగబడి వచ్చేటోళ్లు. ఫారడే పైన గ్యాలరీల, గడియారం మీది భాగంల కూసొని ప్రతిదీ రాసుకున్నడు. ఇంటికి వచ్చి తీరుగ తిరగరాసి, యంత్రాల బొమ్మలు గీసి, తనకు వచ్చిన విద్యతోని దానికి అట్ట కుట్టి డేవీకి పంపిండు. తనకు ఏదన్న కొలువు ఇయ్యమని అడిగిండు.

డేవీ మెచ్చుకున్నడు గాని, ఇప్పటికైతె నీ అట్టల పనే చేసుకో అన్నట్టు సలహా ఇచ్చిండు. కొన్ని నెలలకు అక్కడి సహాయకున్ని కొట్లాట పెట్టుకున్నడని తీసేసిన్రు. అప్పుడు డేవీ ఈ పిలగాన్ని యాది చేసుకున్నడు. 1813 మార్చి 1న ఫారడే కొలువుల చేరిండు. వారానికి జీతం, ఉండనీకి పైన రెండు గదులు, బొగ్గులు, కొవ్వొత్తులు.

అదే ఏడు డేవీ దంపతులతోటి యూరప్ ప్రయాణం పోయిండు. సహాయకునిగ పోయినోడు, నౌకరు రాకపోయేసరికి నౌకరు పనులు గూడ చెయ్యాల్సి వచ్చింది. డేవీ భార్య ఆయనను పనోని లెక్కనే చూసింది. మస్తు బాధపడ్డడు. అయినా ఇడిచిపెట్టి రాలే. వోల్టా, ఆంపియర్ లాంటోళ్లను కండ్లార చూసిండు, డేవీ పక్కన నిలబడి ప్రయోగాలు చేసిండు. 1815ల తిరిగొచ్చిండు.

పాఠం చెప్పుడు గూడ నేర్చుకునే పనే

కొలువుల చేరిన కొద్ది నెలలకే, 21 ఏండ్ల వయసుల, ఇంకా ఒక్క ఉపన్యాసం గూడ ఇయ్యని ఫారడే తన దోస్తు బెంజమిన్ అబాట్‌కు వరుసగ ఉత్తరాలు రాసిండు. వాటిల ఉన్నది ముచ్చట గాదు, పాఠం ఎట్ల చెప్పాలె అనేదాని మీద లోతైన పరిశీలన. వేరే ఉపన్యాసకులను చూసి, వాళ్లు ఎక్కడ తప్పుతున్నరు, వినేటోళ్లు ఎక్కడ కునుకు తీస్తున్నరు అని లెక్కగట్టిండు. గదిల గాలి ఆడాలె. ఉపన్యాసం ఒక గంట దాటొద్దు. చెప్పేటోడు తొందరపడొద్దు, వినేటోళ్ల దిక్కు మొకం పెట్టి మాట్లాడాలె. బల్ల మీద పెట్టిన సామాను అందరికి కనబడాలె, చెప్పే మాటకు దానితోటి పనుండాలె. సైన్స్ సంగతి రాస్తున్నడా, బడి కట్టేటోనికి కొలతలు చెప్తున్నడా అన్నట్టు ఉంటయి ఆ ఉత్తరాలు.

మాట సక్కగ రావాలని బెంజమిన్ స్మార్ట్ అనే ఉచ్చారణ గురువు దగ్గర పైసలు కట్టి పాఠాలు చెప్పించుకున్నడు. తర్వాత ఆ గురువునే తన ఉపన్యాసాలకు పిలిచి తప్పులు పట్టమన్నడు. మాట్లాడేటప్పుడు ఉషారుల తొందరపడ్తున్న అని తెలిసి, నెమ్మది అని రాసిన అట్టముక్క కండ్లముందు పెట్టుకునేటోడు. మనం కొందరిని చూసి ఆ సారుకు పుట్టుకతోనే వచ్చింది అంటం. ఫారడేకు పుట్టుకతోటి రాలే. మోటరు చుట్టుడు నేర్చుకున్నట్టు, పాఠం చెప్పుడు నేర్చుకున్నడు.

ఒక యువ ఉపన్యాసకునికి ఆయన చెప్పిన సలహాను ఆయన జీవిత చరిత్ర రాసినోళ్లు యాది చేస్తరు. రాయి ఇడిస్తె కింద పడ్తది అని అందరికి తెలుసు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు రాయి చేతుల పట్టుకొని ఇడిచి చూపెట్టాలె అన్నది ఆ సలహా సారం. తెలిసిన సంగతైనా సరే, కంటి ముందు జరిగితెనే మనసు దాని మీద నిలబడ్తది.

తిరిగిన తీగ, కదిలిన సూది

1821 సెప్టెంబర్ల ఫారడే ఒక గిన్నెల పాదరసం పోసి, నడుమ అయస్కాంతం నిలబెట్టి, పైనుంచి తీగ వేలాడదీసి కరెంటు పంపిండు. తీగ అయస్కాంతం చుట్టూ గిర్రున తిరిగింది. కరెంటుతోటి ఆగకుండ తిరిగే కదలిక పుట్టుడు అదే మొదలు. మన బోరు మోటరు ముత్తాత అదే. పాదరసం విషం, దాన్ని మీరు ముట్టుకోవద్దు. నేను చెప్పాలనుకున్న సంగతి వేరే ఉన్నది. దీని మీద పేపర్ అచ్చేసి ఆయన ఊకోలే. జేబుల పట్టేంత చిన్న పరికరాలు చేయిచ్చి వేరే దేశాల శాస్త్రవేత్తలకు పంపిండు. నమ్మమని చెప్పుడు కన్న, నువ్వే తిప్పి చూసుకో అనుడు ఆయన పద్ధతి.

పదేండ్లకు, 1831 ఆగస్టు 29న, ఒక ఇనుప కడియానికి రెండు దిక్కుల రెండు తీగ చుట్టలు చుట్టిండు. ఒకదానికి బ్యాటరీ, రెండోదానికి అయస్కాంత సూది దగ్గరికి పోయే తీగ. బ్యాటరీ కలిపినప్పుడు సూది ఒక్కసారి అదిరింది. కరెంటు పారుతనే ఉన్నది గాని సూది మళ్ల తన జాగకు వచ్చి నిలబడ్డది. బ్యాటరీ తీసినప్పుడు మళ్ల అదిరింది, ఈసారి ఎదురు దిక్కుకు. అక్టోబర్ 17న తీగ చుట్టల అయస్కాంతం కడ్డీ దూర్చిండు. దూరేటప్పుడు, బయటికి తీసేటప్పుడు సూది కదిలింది. లోపల ఊకె ఉన్నప్పుడు కదలలే.

మనం బట్టీ పట్టిన నియమం మొత్తం ఇంతే. అయస్కాంతం ఉంటె సాలదు, మార్పు జరగాలె. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిక్కు మారుకుంట పారే కరెంటే ఎందుకు కావాలె, బ్యాటరీ కలిపి ఇడిస్తె అది ఎందుకు పని చెయ్యదు అనేది ఆ సూది చెప్పింది. ఒక్కసారి సూది కదులుడు, ఆగుడు చూసిన పిలగాడు ఈ నియమం జన్మల మర్వడు. చూడనోడు పరీక్ష అయిన తెల్లారే మర్శిపోతడు.

1836ల ఇంకో పని చేసిండు. 12 అడుగుల పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న చట్రం కట్టించి, దాని చుట్టు లోహం కప్పి, దానికి బలమైన స్థిర విద్యుత్ ఎక్కిచ్చిండు. బయట నిప్పు రవ్వలు ఎగుర్తుంటె, తను లోపలికి పోయి కూసున్నడు. కరెంటు ఉన్నదా లేదా చూసే సున్నితమైన పరికరాలు దగ్గర పెట్టుకున్నడు. లోపల ఏమీ లేదు. కరెంటంత బయటి మీదనే ఉన్నది. ఫారడే పంజరం అనే పేరు దీనికే వచ్చింది. పిడుగులు పడేటప్పుడు చెట్టు కింద నిలబడే కన్న, తలుపులు అద్దాలు మూసిన కారుల, బస్సుల ఉండుడు మేలు అని చెప్పుడు వెనుక ఉన్న సంగతి ఇదే. పొలాలల్ల పనిచేసేటోళ్లకు ఇది మార్కుల ముచ్చట గాదు, పానం ముచ్చట. అయితె ఆ ప్రయోగం ఆయనకే ఇడిసిపెట్టున్రి. ఇంటి కరెంటుతోటి ఎన్నడు ఆటలాడొద్దు.

ఇంకో ముచ్చట గూడ చెప్తరు. పెద్ద విద్యుదయస్కాంతం బలం చూపెట్టనీకి, బొగ్గుల బకిటి, పొయ్యి కడ్డీ, పటకారు తీసుకొని ఒకదాని వెనుక ఒకటి దాని దిక్కు ఇసిరేసేటోడట. అయి పోయి టక్కున అతుక్కునేయి. పిల్లలు నవ్వులే నవ్వులు. కొన్న యంత్రం గాదు, ప్రతి ఇంట్ల పొయ్యి కాడ ఉండే సామాను!

ఇంత చేసే మనిషి వెనుక ఇంకో మనిషి ఉన్నడు. చార్లెస్ ఆండర్సన్ అని, ఫౌజుల సార్జెంట్‌గ చేసి వచ్చినోడు. దశాబ్దాల పాటు ఫారడేకు సహాయకుడు. సామాన్లు సిద్ధం చేసుడు, ముందే ఒకసారి చేసి చూసుడు, చూపెట్టినంక సర్దుడు. బడిల ల్యాబ్ పని తెలిసిన మనిషి ఒకరు ఉండాలె అని మనం అడిగితె అది గొంతెమ్మ కోరిక గాదు. ఫారడేకే సహాయకుడు కావాల్సి వచ్చింది.

వరుస కూర్చుడు అసలు విద్య

రాయల్ ఇన్‌స్టిట్యూషన్ల 1825ల పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలు పెట్టిన్రు. 1827 నుంచి 1860 నడుమ ఫారడే 19 సార్లు ఈ ఉపన్యాసాల వరుస ఇచ్చిండు. ఆ ఉపన్యాసాలు ఇప్పటికీ ఏడాదికోసారి జరుగుతున్నయి. 1991ల బ్రిటన్ తెచ్చిన 20 పౌండ్ల నోటు మీద ఫారడే బొమ్మ ఏసిన్రు. ప్రయోగశాల బొమ్మ గాదు, ఆయన ఉపన్యాసం చెప్తున్న బొమ్మ.

చూపెట్టుడు ఒక్కటే అయితె గారడోడు గూడ చూపెడ్తడు. ఫారడే గొప్పతనం ఏదాని తర్వాత ఏది చూపెట్టాలె అనే వరుసల ఉన్నది. 1859–60ల ఆయన పదార్థాల బలాల మీద ఆరు ఉపన్యాసాలు ఇచ్చిండు. మొదలు గురుత్వాకర్షణ, అంటె మనం పుట్టినకాన్నుంచి మోస్తున్న బరువు. అక్కడ నుంచి ఒక వస్తువులోని కణాలను పట్టి ఉంచే బలం. తర్వాత రెండు పదార్థాలు కలిసి కొత్తది అయ్యే రసాయన బలం. దాంట్ల నుంచి పుట్టే వేడి. ఆ తర్వాత అయస్కాంతం, కరెంటు. చివరి రోజు, ఇయన్ని ఒకదాంట్ల నుంచి ఒకటి ఎట్ల పుడ్తయో కలిపి చూపుడు. ఫిజిక్స్ మొదటిసారి నేర్చుకునే పిల్లలకు ఇది ఒక పూర్తి కోర్సు. తెలిసిన కాన్నుంచి తెలువని కాడికి, ఒక్కో మెట్టు.

1860–61ల చివరిసారి చెప్పింది కొవ్వొత్తి మీద. ఆరు ఉపన్యాసాలు, ఒక్క కొవ్వొత్తి! ఈ సంగతి ఆయన 1848ల గూడ ఒకసారి చెప్పిండు. ఇంట్ల ఎలిగే కొవ్వొత్తిని పట్టుకొని, కరిగిన కొవ్వు ఒత్తిల నుంచి పైకి ఎట్ల ఎక్కుతది అని అడుగుతడు. దానికి జవాబుగ ఉప్పు స్తంభం కింద నీలి రంగు ఉప్పునీళ్లు పోస్తడు. నీళ్లు తమంతట తామే పైకి పాకుతయి. తువ్వాల కొస నీళ్లల్ల పడితె తడి పైకి పాకినట్టు. మంట నడుమ గాజు గొట్టం పెట్టి, అందుల నుంచి వచ్చే ఆవిరిని అవతలి కొసన ఎలిగిస్తడు. మండేది కొవ్వు గాదు, దాని ఆవిరి అని అర్థమైతది. మంట మీద చల్లని గిన్నె పట్టి నీటి చుక్కలు చూపెడ్తడు. మంటల నీళ్లు ఎక్కడివి? ఆ ప్రశ్న పట్టుకొని హైడ్రోజన్ కాడికి, దాని నుంచి ఆక్సిజన్ కాడికి, గాలి కాడికి పోతడు. ఆఖరి రోజు కొవ్వొత్తి ఇడిచే కార్బన్ డయాక్సైడ్, మనం ఇడిచే శ్వాస పక్కపక్కన పెడ్తడు. మన ఒంట్ల గూడ మెల్లగ ఒక మంట నడుస్తున్నది అనే కాడికి పిల్లలను తీసుకపోయి నిలబెడ్తడు.

ఒక రోజు పాఠంల లేసిన ప్రశ్న తర్వాతి రోజు పాఠానికి తలుపు తీస్తది. మన పుస్తకంల ఒక పాఠం అయిపోతె ఇంకో పాఠం. నడుమ దారి కనబడది. ఫారడే కోర్సుల దారి కనబడ్తది. ఈ రెండు వరుసలను విలియం క్రూక్స్ పుస్తకాలుగ అచ్చేయిచ్చిండు. కొవ్వొత్తి పుస్తకం ప్రపంచంల చానా భాషలల్లకు పోయింది.

చూసుడు వేరు, ఊహించి చూసుడు వేరు

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావాలె. చూపెడితె సాలునా? సాలదు. హార్వర్డ్ యూనివర్సిటీల ఎరిక్ మాజూర్ బృందం 2004ల దీని మీద ఒక పరిశోధన అచ్చేసింది. ఫిజిక్స్ క్లాసుల ప్రయోగం ఊకె కూసొని చూసినోళ్లకు, అసలు చూడనోళ్లకు, అర్థమైన దాంట్ల పెద్ద తేడా లేదని తేలింది. ఏమైతదో ముందే ఊహించి చెప్పి, అటెన్క చూసినోళ్లకు మాత్రం బాగ అర్థమైంది. అంటె యూట్యూబ్‌ల వంద ప్రయోగాలు గుడ్లప్పగించి చూసుడు కన్న, ఒక్క ప్రయోగం ముందట పెట్టుకొని సూది కదులుతదా కదలదా అని పందెం కట్టి చూసుడు మేలు.

లెక్కలు వద్దు అని గూడ నేను అంటలేను. ఫారడేకు పెద్ద లెక్కలు రాకపోతుండె. అయస్కాంతం చుట్టు ఇనుప రజను ఏర్పరిచే గీతలు చూసి, అక్కడ ఖాళీ జాగల గూడ ఏదో ఉన్నదని ఆయన నమ్మిండు. లెక్కలు వచ్చినోళ్లు చానామంది దాన్ని పట్టించుకోలే. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అనే యువకుడు పట్టించుకున్నడు. ఫారడే గీతలనే లెక్కలల్ల పెట్టిండు. రేడియో నుంచి మన సెల్‌ఫోన్ సిగ్నల్ దాక దారి అక్కడ నుంచే పోయింది. ముసలితనానికి దగ్గరైన ఫారడే మాక్స్‌వెల్‌కు ఉత్తరం రాసి, లెక్కలల్ల తేలిన సంగతులను మామూలు మాటలల్ల గూడ చెప్పొచ్చు గదా అని అడిగిండు. లెక్క కావాలె. గాని లెక్క దేని గురించో ముందు కంటికి కనబడాలె.

బల్ల ఎవరు కదిలిచ్చిన్రు?

1853ల ఇంగ్లండ్ల ఒక పిచ్చి పట్టింది. నలుగురు బల్ల చుట్టు కూసొని చేతులు పెడితె బల్ల తనంతట తనే తిరుగుతదని, దయ్యాలు తిప్పుతున్నయని నమ్మిన్రు. సదువుకున్నోళ్లు గూడ! ఫారడే వాళ్లను ఎక్కిరించలే. చేతుల కింద అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి, నడుమ మెత్తని జిగురు పెట్టి, ఏది ముందు జరుగుతదో చూసిండు. బల్ల కన్న ముందు చేతులే జరిగినయి. మోసం గాదు, వాళ్లకే తెలువకుండ నూకుతున్నరు. చేతులు జరుగుడు చూపెట్టే పుల్లను వాళ్ల కండ్లముందు పెట్టంగనే బల్ల తిరుగుడు బందైంది.

మంత్రాలు చేసిన్రని అనుమానంతోటి మనుషులను కొట్టి సంపిన వార్తలు మన పేపర్లల్ల ఇప్పటికీ వస్తున్నయి. అట్లాంటి ఊరికి సైన్స్ నియమం బట్టీ పట్టిన పిలగాడు పనికిరాడు. ఏది ముందు కదిలిందో చూద్దాం అనే అలవాటు ఉన్నోడు పనికొస్తడు. ఆ అలవాటు బడిల రావాలె. 1862ల ఇంగ్లండ్ పెద్ద బడుల మీద ఏసిన కమిషన్ ముందు నిలబడి, బడులల్ల సైన్స్ చెప్పాలె అని ఫారడే గట్టిగ చెప్పిండు. అప్పటికి ఆయనకు 71 ఏండ్లు. యాది మర్పు ముదిరింది, ఉపన్యాసాలు ఇడిసిపెట్టిండు.

సర్ అనే బిరుదు వద్దన్నడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తమంటె తీసుకోలే. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్ట్‌ల కన్నుమూసిండు. లండన్ హైగేట్ శ్మశానంల మామూలు సమాధి.

ఆయన బతుకుల ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగ ఉండనియ్యది. విలియం డాన్స్ ఆ టికెట్లు ఇప్పియ్యకపోతె, అన్న రాబర్ట్ ఆ షిల్లింగులు ఇయ్యకపోతె ఏమైతుండె? అట్టలు కుట్టుకుంటనే బతుకు ఎల్లిపోతుండె కావచ్చు. మన ఊర్లల్ల టికెట్టు దొరకని ఫారడేలు ఎంతమందో! వైండింగ్ దుకాణంల చుట్లు లెక్కబెట్టే పిలగాడు ఫిజిక్స్ ఫెయిలైండు అంటె, తప్పిన లెక్క ఆ పిలగానిది గాదు.

అందుకే ఈ పేజీ సదివే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది రెండు ముచ్చట్లు. బడికి పోయేటోళ్లు సారును, మేడమ్‌ను మర్యాదగ అడుగున్రి, ఆ బీరువా తాళం ఒక్కసారి తీయమని. స్కూల్ కమిటీల మీ అమ్మనాయినలు ఉంటె వాళ్లతోటి అడిగియ్యున్రి. ఊర్లె పిల్లలకు ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లలు, మీరు తాళం కోసం ఆగవద్దు. పాత స్పీకర్ల అయస్కాంతం తీసి వాగు ఇసుకల తిప్పితె నల్లటి రజను అతుక్కుంటది. ఆ రజను కాయిదం మీద సల్లి, కింద అయస్కాంతం పెట్టి, కాయిదాన్ని మెల్లగ తట్టితె ఫారడే చూసిన గీతలు వస్తయి. వైండింగ్ దుకాణంల అడిగి సన్నటి రాగి తీగ తెచ్చి కొన్ని వందల చుట్లు చుట్టి, రెండు కొసలు గీకి మల్టీమీటర్‌కు కలిపి మిల్లీవోల్టుల మీద పెట్టున్రి. అయస్కాంతం చుట్టలకు దూర్చే ముందు పిల్లలను అడుగున్రి, అంకె మారుతదా? లోపల ఊకె పెడితె? ఉరికిచ్చి తీస్తె? ఒక్కొక్కరి జవాబు పలక మీద రాయున్రి. అటెన్క దూర్చున్రి.